తొమ్మిది కలిసిన టైరు

నేను ఒక టైరును. నన్ను ఎంచుకున్న మనిషి నన్ను తట్టి చూడలేదు, నొక్కి చూడలేదు. నా పక్కన అచ్చేసిన అంకెలను వేళ్ళ మీద కూడి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది.

రబ్బరు, మసి, గంధకం కలిపి, లోపల ఇనుప తీగలు పరిచి, అచ్చులో పెట్టి నన్ను ఉడికించారు. అక్కడి కంపే లోకంలోకెల్లా చెడ్డదనుకున్నాను. అప్పటికి నేను భీమవరం చూడలేదు.

భీమవరంలో చేపల చెరువులున్న రఘువర్మకు ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది. దాని టైర్లు అరిగిపోతే నేనున్న సత్తిబాబు టైర్ల షాపుకు వచ్చాడు. వెంట భార్య సుభాషిణి ఉంది. ఆమెకు ఏడో నెల. మొదటి కడుపు నిలవలేదు. ఈసారి కుదుపులు తగలకూడదని ఏలూరులో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"కారుతో వచ్చిన సైజు రెండొందలైదు, యాభైయైదు, పదహారండి. అదే వేసేద్దారా?" అన్నాడు సత్తిబాబు.

"అన్నీ కూడితే ఆరొస్తుందయ్యా. ఆరు నాకు పడదు. అదిగో, అది చూడు. రెండొందల ఇరవైయైదు, నలభైయైదు. కూడితే తొమ్మిది. పద్దెనిమిది, అదీ తొమ్మిదే!"

"చక్రాలు కూడా మార్చాలండి మరి."

"మార్చెయ్. పుట్టబోయే బిడ్డకి కలిసి రావాలి."

"ఏవండీ, దీనికి రబ్బరు మందం తక్కువలా ఉంది. గట్టిగా ఉంటుందేమో" అంది సుభాషిణి.

"నీకేం తెలుసు? కార్లో కూర్చోవడమే గదా నీ పని!"

"ఆయ్, రాజుగారి ఇష్టమండి" అన్నాడు సత్తిబాబు. చక్రాలు కూడా అమ్ముడుపోతున్నందుకు అతని ముఖం వెలిగిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో నాకు తేలలేదు.

నన్ను వెనక ఎడమవైపు బిగించారు. కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. ఆ రసం ఎండి జిగురై నా ఒంటికి అంటుకుంది. దాని మీద చేపల లారీలు కార్చిన నీచునీళ్ళు. వర్మ మాత్రం కనపడినవాళ్ళందరికీ నన్ను వేలుపెట్టి చూపించేవాడు.

తరువాతి వారం ఏలూరు ప్రయాణం. ముందు సీట్లో సుభాషిణి, వెనక ఆమె అత్తగారు, ఆడపడుచు. షాపులో ఖాళీ కారుకు సరిపోయాను గానీ, నేను పాతదానికన్నా ఎత్తు. మనుషుల బరువుకు కారు దిగింది. ఉండి దాటాక ప్రతి గుంతలోనూ నా వీపు చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగుకు గీసుకుని కాలింది. నా పలుచటి ఒళ్ళు ఏ దెబ్బనూ ఆపలేదు. అందినదంతా అందినట్టే ఆమె కడుపుకు చేర్చాను. ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

"ఏదో మాడిన వాసనొస్తందిరా" అంది అత్తగారు.

"కొత్త టైర్లమ్మా, అలాగే ఉంటది. తొమ్మిది మనల్ని చూసుకుంటది!"

ఆకివీడులో సుభాషిణి కారు ఆపించింది. దిగి, ఆగి ఉన్న ఏలూరు బస్సెక్కింది. ముందువైపు సీటులో ఒకావిడ లేచి చోటిచ్చింది. వర్మ ఏలూరు దాకా ఆ బస్సు వెనకాలే, కిటికీలోంచి పేరు పెట్టి పిలుస్తూ వచ్చాడు. ఆమె తల తిప్పలేదు. ఆ తరువాత కాన్పయ్యేదాకా మళ్ళీ కారెక్కలేదు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. వర్మ ఆసుపత్రి నుంచి పరిగెత్తుకొచ్చి, నాకు పసుపు రాసి బొట్టు పెట్టి, దండం పెట్టాడు.

"చూశావా సుభా, తొమ్మిది ఎలా కాపాడిందో!" అన్నాడు, వాళ్ళను ఇంటికి తీసుకెళ్ళడానికి కారు తెచ్చి. నాకు నోరుంటే ఉమ్మేసేదాన్ని.

సుభాషిణి బిడ్డను ఎత్తుకుని నా బొట్టు వంక చూసింది. కారెక్కలేదు.

"దేవుడంతటి దాన్ని పేడలో, నీచునీళ్ళలో దొర్లిస్తారా ఎవరైనా? పాపకి దోషం తగిలితేనో?" అంది నెమ్మదిగా.

వర్మ ముఖం పాలిపోయింది. తల్లీబిడ్డలను ఆటోలో పంపించి, నేరుగా సత్తిబాబు దగ్గరికి వెళ్ళాడు. ఆ సాయంత్రానికి కారుకు మళ్ళీ ఆరు వచ్చే సైజే ఎక్కింది.

మమ్మల్ని నలుగురినీ డాబా మీద ఒక మూల పేర్చారు. శుక్రవారం శుక్రవారం వర్మ వచ్చి పసుపు రాస్తాడు. వానకు నాలో నీళ్ళు నిలిచాయి. దోమలు గుడ్లు పెట్టాయి. ఇప్పుడు నాలో వేలకొద్దీ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. వాటితో నాకు పేచీ లేదు. అవి నన్ను కూడి చూడలేదు, నీళ్ళున్నాయని వచ్చాయి.