ఏడుగురి అడుగులు

నాలుగో వాచీ ఎడమ ముంజేతికి బిగించి యలమంద చొక్కా చెయ్యి దించాడు. కుడిచేతికి మూడు అప్పటికే కట్టుకున్నాడు. పొడుగు చేతుల ఆ చొక్కా మేనేజరు పురుషోత్తం ఇచ్చింది. టీ గది తలుపు వెనక నిలబడి రెండు చేతులూ ఊపి, మళ్ళీ చొక్కా చేతులు పైకి లాగి చూసుకున్నాడు. ఏడింటిలోనూ అంకెలు కదిలాయి. గుండీలు పెట్టుకుని టీ ఫ్లాస్కు అందుకున్నాడు.

తెనాలిలో రొయ్యల మేత అమ్మే కంపెనీ ఆఫీసు అది. మూడంతస్తులు. కూర్చుని పనిచేసేవాళ్ళకి షుగర్లు, బీపీలు వస్తున్నాయని హైదరాబాదు పెద్దాఫీసువాళ్ళు ఈ నెలని ఆరోగ్య మాసం అన్నారు. ఏడుగురు ఆఫీసర్లకీ అడుగులూ గుండె చప్పుడూ లెక్కపెట్టి ఎవరి ఫోనుకి వాళ్ళది పంపే వాచీలు ఇచ్చారు. నెల మొత్తం మీద ప్రతివాడికీ రోజుకి సగటున పదివేల అడుగులు వస్తే, ఆఫీసు ఆఫీసంతటికీ కుటుంబాలతో సహా సూర్యలంక బీచిలో రెండు రోజుల విడిది.

మొదటి రోజు ఏడుగురూ నడిచారు. రెండో రోజు ఇద్దరు నడిచారు. మూడో రోజు పొద్దున పురుషోత్తం తన వాచీ విప్పి యలమంద చేతికి కట్టాడు.

"నువ్వెట్టాగూ తిరుగుతూనే ఉంటావు గదా" అన్నాడు.

సాయంత్రానికి మిగతా ఆరూ వచ్చి చేరాయి.

అందరికీ ఒకే అంకె వస్తే పైవాళ్ళకి అనుమానం వస్తుందని కనిపెట్టింది యలమందే. ఒక్కో వాచీ ఒక్కో వేళకి విప్పి టీ గది సొరుగులో పెట్టేవాడు. మేనేజరుకి అందరికన్నా ఎక్కువ రావాలి కనుక ఆయనది చివర విప్పేవాడు. అయిదో తరగతి చదివినవాడికి ఇంత తెలివేంటని అందరూ మెచ్చుకున్నారు. అతను సంతోషించాడు. ఆ తెలివి తన కోసం ఒక్కనాడూ వాడుకోలేదు.

యాభై ఎనిమిదేళ్ళు. బొద్దుగా ఉండే మనిషి కాదు. మెడ సన్నం, మోకాళ్ళు బయటికి వంగి ఉంటాయి. కుర్రతనంలో పొన్నూరు రైసు మిల్లులో బస్తాలు మోశాడు. ఎడమ భుజం అప్పుడే కుంగింది. ఈ ఆఫీసులో చేరి పంతొమ్మిదేళ్ళయింది. అటెండరు. జీతం ఏజెన్సీవాళ్ళిస్తారు కాబట్టి కంపెనీ మనిషి కాదు. రోజూ రేపల్లెలో పొద్దున బండెక్కి తెనాలిలో దిగుతాడు, సాయంత్రం తిరుగు బండెక్కుతాడు. కిటికీ పక్క చోటు దొరికితే ఆ రోజు బాగున్నట్టు లెక్క.

గోడలకి కాగితాలంటించారు. మెట్లెక్కండి. గంటకోసారి లేవండి. నీళ్ళు తాగండి. కాగితాలు అంటించింది యలమంద. నీళ్ళ క్యానులు పైకి మోసేదీ యలమందే.

పదిహేను రోజులుగా మెట్లెక్కుతుంటే రొమ్ములో రాయి పెట్టినట్టుంటోంది. నొప్పి దవడ దాకా పాకుతోంది. రేపల్లెలో ఆర్‌ఎంపీ గ్యాసు బిళ్ళలిచ్చి, ఈసీజీ తీయించుకోమన్నాడు. పెద్దాసుపత్రికి పోవాలంటే ఒక రోజు సెలవు కావాలి. అడిగాడు.

"ఈ నెల వొద్దులే యలమందా" అన్నాడు పురుషోత్తం. "నువ్వు ఒక్క రోజు పడుకుంటే ఏడుగురం పడుకున్నట్టే. ఆఖరి రోజు ఆసుపత్రి వ్యాను మన దగ్గరికే వస్తోంది. ఈసీజీ మిషను కూడా తెస్తారు. పర్మినెంటు స్టాఫుకేననుకో. చివర్లో నీ పేరు నేను రాయిస్తా."

ఆ ఆఖరి రోజు ఇవాళే. వ్యాను నాలుగింటి దాకా ఉంటుంది. పొద్దున బయల్దేరుతుంటే భార్య అంకమ్మ గడపలో నిలబడింది.

"తీయించుకోకుండా వచ్చావంటే తలుపు తియ్యను."

"సార్ రాయిస్తానన్నాడే."

"ఆ సారు పంతొమ్మిదేళ్ళుగా ఎన్ని రాయించాడో నాకు తెలుసులే" అంది ఆమె.

మధ్యాహ్నానికి యలమంద ఏడువేల అడుగులు నడిచాడు. రెండుసార్లు మెట్ల మలుపులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చెమట చొక్కాని వీపుకి అంటించింది. అకౌంట్స్ చూసే వంశీకృష్ణ చూసి నవ్వాడు.

"ఏంటి బాబాయ్, మా చెమటంతా నువ్వే పట్టేస్తున్నావు! కాస్త మాకూ ఉంచు."

"ఉంచుతా బాబూ" అన్నాడు యలమంద.

రెండున్నరకి కింది హాల్లో, ఈసీజీ గది బయట బెంచీ మీద చోటు దొరికింది. లోపల, వ్యానుతో వచ్చిన టెక్నీషియన్ కీర్తన ఒక్కొక్కరినీ పిలుస్తోంది. అతని ముందు ఇద్దరున్నారు. కూర్చుంటే నడక ఆగుతుందని తెలుసు. అయినా కూర్చున్నాడు. ఈ నెలలో ఏడుగురికి సంబంధం లేకుండా అతను చేసిన పని అదొక్కటే.

ఒకడు వెళ్ళాడు. రెండోవాడు వెళ్ళాడు. యలమంద లేవబోతుండగా పురుషోత్తం మెట్లు దిగి వచ్చాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఫోను కీర్తన కళ్ళ ముందు పెట్టాడు.

"చూడమ్మా, గుండె నూటనలభై కొట్టుకుంటోందంట. లయ తప్పిందంట. వెంటనే డాక్టరుకి చూపించుకోమని వస్తోంది. నాకు చెయ్యి కూడా లాగుతున్నట్టుంది."

యలమందకి అర్థమయింది. ఆ ఫోనులో కొట్టుకునేది ఎవరి గుండో ఆ హాల్లో అతనొక్కడికే గుర్తుంది. మేనేజరు నిజంగానే మరిచిపోయాడు. నెల రోజులుగా ఆ అడుగులన్నీ తనవేనని రోజూ సాయంత్రం హైదరాబాదుకి పంపుతున్న మనిషి, గుండె కూడా తనదేననుకున్నాడు.

చెప్పొచ్చు. పెద్దాఫీసు నుంచి వచ్చినావిడ పక్కనే కాగితాలు రాసుకుంటోంది. చెబితే ఏడుగురి బండారం బయటపడుతుంది. వాళ్ళ సూర్యలంక పోతుంది. వాళ్ళ ఉద్యోగాలు ఉంటాయి. పోయేది అటెండరు.

"మీకేం ఉండదు సార్" అన్నాడు మెల్లగా.

"నీకేం తెలుసురా? లే, లే."

లేచాడు.

పురుషోత్తం లోపల ఉండగానే వంశీకృష్ణ ఫోను పట్టుకుని వచ్చాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. నలుగురి ఫోన్లలోనూ అదే మాట. ఏసీ పడలేదని ఒకడన్నాడు. కాదు, మధ్యాహ్నం క్యాంటీను బిరియానీ అని ఇంకొకడన్నాడు. యలమంద గోడ పక్కన నిలబడి, చొక్కా చేతులు కిందికి లాక్కుని విన్నాడు. రొమ్ములో రాయి ఇప్పుడు వీపు దాకా నిండింది.

నలుగురికీ ఏమీ లేదు.

"మీ అందరి గుండెలూ బ్రహ్మాండంగా ఉన్నాయండి" అంది కీర్తన. "ఆ వాచీలు నమ్మి ప్రాణాలమీదికి తెచ్చుకోకండి."

అప్పుడు వంశీకృష్ణకి గుర్తొచ్చింది. మేనేజరు చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. పురుషోత్తం కళ్ళు తుడుచుకుని గోడవైపు చూశాడు. ఆ చూపులో కొంచెం సిగ్గు ఉంది, అంతే. తర్వాత ఫోను చూసుకున్నాడు. నవ్వు ఆగింది.

నాలుగింటికి పది నిమిషాలుంది. కీర్తన వైర్లు చుట్టబోతూ యలమందని చూసింది.

"మీరు మొదట్నుంచీ ఉన్నారు కదండీ, రండి బాబాయ్ గారూ, ఒక్కటే కదా."

యలమంద అడుగు వేశాడు. పురుషోత్తం అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"గంట సేపు కూర్చున్నావు చూడు, ఎనిమిది వందలు తగ్గాయి. నాలుగింటికి లెక్క మూసేస్తారంట. నాలుగుసార్లు పైకెక్కి దిగు. ఆమెని నేను ఆపుతాగా."

"సార్, ముందు ఇది..."

"ఎటూ పోదు యలమందా. నేను ఇక్కడే నిలబడతా. నెలంతా చేసింది పది నిమిషాలకి పాడుచేస్తావా?"

యలమంద గదివైపు చూశాడు. కీర్తన చేతిలో వైర్లు ఇంకా ఉన్నాయి.

"అట్టాగే సార్" అన్నాడు.

మొదటిసారి ఎక్కి దిగాడు. రెండోసారి దిగుతుండగా మేనేజరు వేళ్ళతో రెండు అని చూపించాడు. మూడోసారి రెండో అంతస్తు దాటాక కాళ్ళు తనవి కానట్టనిపించి మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి గాలి వచ్చింది. రేపల్లె బండికి ఇంకా టైముంది, ఈ వేళకి స్టేషనుకి పోతే కిటికీ పక్క చోటు దొరుకుతుంది అనుకున్నాడు. తల ఊచలకి ఆనించాడు.

కింద వంశీకృష్ణ ఫోను తట్టి చూశాడు.

"సార్, నాకు గుండె దగ్గర అంకె పోయి గీతలొస్తున్నాయి. మీకు?"

"నాకూ గీతలే" అన్నాడు పురుషోత్తం. "వాచీలు విప్పేశాడేమో. ఇంకా మూడొందలుండగా విప్పుతాడేంటి?"

"యలమందా!" అని మేనేజరు మెట్ల దగ్గరికెళ్ళి కేకేశాడు. ఇంకోసారి కేకేశాడు. మూడోసారి గొంతు మారింది.

మిషను మెట్ల మీదికి మోసుకొచ్చింది కీర్తన. ఆమె అడిగితే వ్యాను డ్రైవరు ఒక చెయ్యి వేశాడు, ఆఫీసర్లు పక్కకి జరిగారు. క్లిప్పులు పెట్టడానికి ఆమె చొక్కా చేతుల గుండీలు విప్పింది. ఒక క్షణం చేతులు ఆగాయి. వాచీలు ఒక్కొక్కటీ విప్పి కిటికీ పక్కనున్న స్టీలు టీ ట్రేలో వేసింది. చర్మం మీద ఏడు పట్టీల అచ్చులున్నాయి. పొద్దుట్నుంచీ అతను ఎదురుచూసిన ఈసీజీ అప్పుడు తీశారు. కాగితం మీద గీత తిన్నగా వచ్చింది. అతని రొమ్ము మీద ఆమె రెండు చేతులూ పెట్టి చాలా సేపు నొక్కింది.

తర్వాత లేచి నిలబడింది.

"ఈ వాచీలు ఎవరివండీ?"

పెద్దాఫీసావిడ కింది మెట్టు మీద నిలబడి చూస్తోంది. పురుషోత్తం కిటికీవైపు తిరిగాడు. వంశీకృష్ణ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరివండీ?" అంది మళ్ళీ.

"అతనివే అయ్యుంటాయి" అన్నారెవరో.

యలమందని వ్యానులోనే రేపల్లె పంపారు. ఏడుగురూ మెట్లు దిగి ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. ట్రేని ఎవరూ ముట్టుకోలేదు. మలుపులో కిటికీ పక్కన అది అట్టాగే ఉంది. ఏడు వాచీలు బోర్లా పడి, అడుగునున్న చిన్న పచ్చ దీపాలతో నాడి కోసం ఇంకా వెతుకుతున్నాయి.