ట్యాంకిలో నూలు

మూడోసారి తాళం తిప్పినా లారీ మూలిగిందే తప్ప అందుకోలేదు. కామత్‌ఘర్ సందులో మరమగ్గాల సాంచాల మోతకు ఆ మూలుగు తోడైంది. వెనక తాకలు తాకలుగా చుట్టిన గుడ్డ నిండి ఉంది; పదకొండింటికల్లా కాశేలి గోదాంలో దించాలి.

అంకుశం స్టీరింగు మీద నుదురు ఆనించాడు. బండికి ఇరవై రెండేళ్లు. ఆయన కూతురు స్వర్ణ కంటే ఆరేళ్లు పెద్దది.

"బ్యాటరీ మంచిగున్నది బావా, సెల్ఫ్ గట్టిగనే తిరుగుతున్నది," అన్నాడు మెకానిక్ పెద్దులు. "కని పొగ జూడు. జరంత తెల్లపొగ గూడ వస్తలేదు. ఇంజన్‌కు డీజిల్ అందుతలేదన్నట్టు."

ఫిల్టర్ పోయిన వారమే మార్చారు. పెద్దులు దాని మీది మర వదులు చేసి చేతిపంపు నొక్కాడు. నాలుగు చుక్కలు, కాసింత నురగ. అంతే.

"పంపు ఖరాబైనట్టుంది. ఇప్పి కళ్యాణ్‌కు పంపాలె. నాలుగు దినాలు."

"నాలుగు దినాలా! ఇయ్యాల మాల్ చేరకుంటె వేరే బండి పెట్టుకుంట అన్నడు సేటు." అంకుశం కిందికి దిగాడు. "ఇగ నాతోని గాదు. పాత ఇనుము కొనే భంగారోనికి ఫోన్ జెయ్యి. తూకానికి తీస్కపోతడు."

గడపలో నిలబడ్డ స్వర్ణ ట్యాంకి వైపు చూసింది.

నెల కింద ట్యాంకి మూత దారిలో ఎక్కడో పడిపోయింది. సాంచా కింద రాలిన నూలు గుప్పెడు తెచ్చి ఆ బొక్కలో కుక్కింది తానే. ఆ సందులో అదేం వింత కాదు. కుళాయి కారితే నూలు, కిటికీ సందుకు నూలు, చేతి జిడ్డుకు నూలు. "సాలోళ్ల బిడ్డ అనిపించుకున్నవ్," అని బాపు మురిశాడు కూడా. ఆ తర్వాత రెండుసార్లు ఆ ఉండ కనబడలేదు. రోడ్డు మీద పడిందనుకుని కొత్తది కుక్కింది.

పడింది రోడ్డు మీద కాదేమో.

బండి చుట్టూ ఆరుగురు మగవాళ్లు. తానేమో ఊరి బడిలో హాజరు పలకడానికే గొంతు రాని పిల్ల. అయినా అడుగు వేసింది.

"మామా..."

"ఏందే, చాయ్ తెచ్చినవా?" అందరూ నవ్వారు.

"చాయ్ గాదు. ట్యాంకిల నూలు పడ్డదేమో. కుక్కింది నేనే."

పెద్దులు నవ్వు ఆపాడు. పంపు దగ్గర పైపు విప్పి నోట పెట్టుకుని ట్యాంకి వైపు ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి పోలేదు. ట్యాంకిలోని గొట్టం పైకి లాగితే దాని కొసకు నూలు తడితడిగా, కండెకు చుట్టినట్టే చుట్టుకుని ఉంది.

"బావా, నీ బిడ్డ ట్యాంకిల సాంచా పెట్టింది!"

తీగ కొక్కెంతో మిగిలిన ఉండనూ తోడేశారు. నురగ పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టారు. అంకుశం తాళం తిప్పాడు. బండి రెండుసార్లు దగ్గింది, తెల్లగా పొగ చిమ్మింది, అందుకుంది.

ఆయన దిగి, గుప్పెడు నూలుతో చేతులు తుడుచుకుని, అలవాటుగా ట్యాంకి నోటి వైపు చెయ్యి చాపాడు. సగంలో ఆగిపోయాడు.

"బిడ్డా, నేను ఇంజన్ బంద్ జెయ్య. ఉరికి నాకా చౌరస్తా కాడి స్పేర్‌పార్టుల దుకాన్ల మూత పట్కరా."

"నేనా?"

"మరెవరు? దాని కొలత ఎరిగినదానివి నువ్వేనాయె."

దుకాణం ముందు డ్రైవర్ల గుంపు. మొదటిసారి ఆమె అడిగింది ఎవరికీ వినపడలేదు. రెండు చేతుల వేళ్లూ ట్యాంకి మూతంత గుండ్రంగా కలిపి పైకెత్తి, హిందీలో అరిచింది.

"టంకీ కా ఢక్కన్, చాచా! ఇత్నా బడా!"