బ్రేకమ్మ కాలు

సైకిళ్ళ దుకాణం మీద కిక్‌బాక్సింగ్ నేర్పే హాల్లో ఆవిడకు బ్రేకమ్మ అని పేరు పెట్టింది మాస్టరమ్మ. ఊరికే పెట్టలేదు. ఆవిడ పగలంతా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే, పక్క సీట్లో ఆవిడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. కుక్క అడ్డొచ్చినా, గోడ ఎదురొచ్చినా కుడికాలు తనంతట తానే నొక్కేస్తుంది. ఆ కాలి పుణ్యమా అని చాలామంది గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి.

హాల్లో మాత్రం ఆ కాలే కొంప ముంచింది. ఎదుటివాడి తొడ మీద కొట్టే లో కిక్ నేర్పుతున్నారు. తుంటి తిప్పి, మోకాలి కింది ఎముకతో మాస్టరమ్మ పట్టుకున్న దళసరి ప్యాడ్‌ను కొట్టాలి. బ్రేకమ్మ కాలు మహా జోరుగా బయల్దేరేది. ప్యాడ్ దగ్గరికి రాగానే ఠక్కున ఆగి, వేళ్ళతో దాన్ని మెత్తగా నొక్కేది.

"ఆపుతావేంటే తల్లీ! అదేమన్నా ఎదురొచ్చే లారీనా?" అని మాస్టరమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. బ్రేకమ్మ కూడా నవ్వేది గానీ, లోపల ఏడుపొచ్చేది. ఆవిడ అక్కడికి సరదాకి రాలేదు మరి.

స్కూల్లో ఓ కాంట్రాక్టరు కారు నేర్చుకుంటున్నాడు. గేరు మార్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి దారి తప్పి బ్రేకమ్మ మోకాలి మీదికి వచ్చేది. మొదట్లో పొరపాటే అనుకుంది. పొరపాటైతే చెయ్యి అక్కడే కూర్చోదుగా! స్కూలు అక్క మొగుడిది. వెళ్ళి చెప్పింది.

"గేరు మార్చేటప్పుడు చెయ్యి తగలదా ఏమిటి? పెద్దమనిషి, ఎంతమందిని మన దగ్గరికి పంపించాడు! కాస్త సర్దుకో మరదలా" అన్నాడు బావ, టీ ఊదుకుంటూ.

అప్పట్నుంచి ఆవిడ తలుపు వైపుకి ఒదిగి కూర్చోవడం మొదలుపెట్టింది. తన సీట్లో తను ఒదిగి కూర్చోవడం! అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

విచిత్రమేమిటంటే, మోకాలి దెబ్బ మాత్రం ఆవిడకు నేర్పిన మొదటిరోజే వచ్చేసింది. ఎదుటివాళ్ళ మెడ పట్టి కిందికి లాగి, మోకాలు పైకి ఎగదన్నగానే ప్యాడ్ పట్టుకున్న మాస్టరమ్మే వెనక్కి తూలింది. కాసేపు పొట్ట పట్టుకుని ఆలోచించి, "నీ పాదానికే బ్రేకు తెలుసు, మోకాలికి తెలీదు. కాలితో తన్నకు. మోకాలిని ముందు పంపించు. మిగతా కాలు దాని వెనకే వస్తుంది" అంది.

వచ్చింది. ప్యాడ్ చప్పుడుకి కింద దుకాణంవాడు పైకి తొంగిచూశాడు.

మర్నాడు పొద్దున్నే పాఠం. ఖాళీ రోడ్డెక్కి రెండో గేరు వేయగానే కాంట్రాక్టరు చెయ్యి యథాప్రకారం వచ్చి కూర్చుంది. బ్రేకమ్మ బ్రేకు నొక్కింది. కారు కుదుపుతో ఆగింది.

"దిగండి. బండి నేను తీసుకెళ్తా. ఇక మీకు నేర్పను."

ఇద్దరూ దిగారు. ఆవిడ కారు ముందు నుంచి అవతలికి వెళ్ళబోతుంటే ఆయన అడ్డంగా నిలబడి మణికట్టు పట్టుకున్నాడు. "ఎందుకంత కోపం? మీ బావకి ఒక్క మాట చెప్పానంటే రేపట్నుంచి ఈ ఉద్యోగమే ఉండదు."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. తుంటి తిరిగింది. ఇన్నాళ్ళూ ఒదిగి కూర్చున్న ఆ మోకాలే ముందు వెళ్ళింది, మిగతా కాలు దాని వెనకే వెళ్ళింది. దెబ్బ ఆయన ఎడమ తొడ మీద పడింది. కాలు మధ్యలో ఎక్కడా ఆగలేదు.

ఆయన రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఆవిడ కారు వెనక తలుపు తెరిచింది. ఆయన కుంటుకుంటూ ఎక్కాడు.

స్కూల్లో బావ కంగారుగా కుర్చీ వేశాడు. "అయ్యో, ఏమైందండీ?"

"జారిపడ్డా" అన్నాడు కాంట్రాక్టరు గోడకేసి చూస్తూ.

"పడలేదు. నా మీద చెయ్యేశాడు, తన్నాను. ఎడమకాలు ఇప్పట్లో క్లచ్ నొక్కదు" అంది బ్రేకమ్మ.

బావ తన కుర్చీలో కూర్చుని, ఇద్దరి వంకా చూసి, అలవాటుగా నవ్వు తెచ్చుకున్నాడు. "సరే సరే, కాలు తగ్గాక రండి సార్. మా మరదలే మళ్ళీ..."

బ్రేకమ్మ కారు తాళాలు బల్ల మీద పెట్టి, బావకేసి ఒక అడుగు వేసింది.

బావ తన ఎడమకాలిని నెమ్మదిగా కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"వద్దులెండి సార్" అన్నాడు కాంట్రాక్టరుతో. "తగ్గినా రావద్దు."