జయప్రకాశ్ మాస్టారి చేతులు

ప్రార్థన సాగుతోంది. క్రైస్తవ మిషన్‌వాళ్ళ హ్యాంగర్ అనే విమానాల షెడ్డులో పని మొదలుపెట్టే ముందు అందరూ విమానం మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకోవడం రోజూ ఉండేదే. జయప్రకాశ్ మాస్టారు కూడా కుడిచేతిని రేకుకు గట్టిగా నొక్కిపట్టారు. ఈ మధ్య ఆయనకు ఆ కాసేపే హాయి. అలా నొక్కిపెడితే చెయ్యి వణకదు. దేవుడి కృప అనుకునేవారు గానీ, ఆ కృప ఆమెన్ దాకానే ఉండేది.

ఓడరేవు పక్కనున్న మెటియాబ్రుజ్ అనే పేటలో, ఓ గల్లీలో పుట్టిన మనిషి. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ రేవులోనే మూటలు మోశాడు. ఈయన పొట్టిగా, బట్టతలతో, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలతో ఉంటారు. గోళ్ళ అంచుల్లో నూనె నలుపు ఎంత తోమినా వదలదు. రోడ్డు లేని కొండ ఊళ్ళకు మందులనూ పాస్టర్లనూ, అక్కణ్ణించి పురిటినొప్పుల ఆడవాళ్ళనూ చేరవేసే చిన్న విమానాలుంటాయి. వాటికి పైలట్లనూ మెకానిక్కులనూ తయారుచేసే ఈ కేంద్రంలోనే ఆయన జుట్టంతా రాల్చుకున్నారు.

ఆయన నేర్పే మొదటి పాఠం తీగ కట్టడం. ఇంజనులో ముఖ్యమైన బోల్టుల తలలకు చిల్లులుంటాయి. వాటిలో సన్నటి తీగ దూర్చి మెలిపెట్టి పక్కదానికి కట్టాలి. అదురుకు బోల్టు వదులవబోతే తీగ దాన్ని బిగుతు వైపే లాగాలి. తప్పు వైపు కడితే కట్టీ కట్టనట్టే. ఈ మాట చెప్పి చెప్పి పిల్లల ప్రాణాలు తోడేసేవారు.

ఆ మధ్యాహ్నం భాను అనే కుర్రాడు మొదటిసారి ఒంటరిగా విమానం నడపాలి. పొద్దుట్నించీ వాడు విమానం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. మాస్టారు స్వయంగా నూనె ఫిల్టరు మార్చి, తీగ కట్టి, "బయమెట్టుకోకు నాయనా, ఏటీ అవదు" అని వాడి వీపు తట్టి టీకి బయల్దేరారు. సగం దారిలో వాన అందుకుంది. విసుక్కుంటూ వెనక్కి తిరిగారు.

పక్క తలుపులోంచి చూస్తే ఇంజను దగ్గర మేరీరాణి కనిపించింది. టికియాపారా అనే పేటలో ఉండే రైల్వే కూలీ కూతురు, ఆయన చేతికింద పని నేర్చుకుంటున్న పిల్ల. ఆయన కట్టిన తీగను కత్తిరించి తీసేసి కొత్తది కడుతోంది. తడబాటు లేదు. రోజూ చేసే పనిలాగే చేస్తోంది.

ఒకరు కట్టింది ఇంకొకరు చెప్పకుండా ముట్టుకుంటే ఆయన హ్యాంగర్ అదిరిపోయేలా అరుస్తారు. ఇప్పుడు మాత్రం ఆమె పని అయ్యేదాకా గుమ్మం బయట వానలో నిలబడ్డారు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఎన్నాళ్ళనించమ్మా?" అన్నారు లోపలికొచ్చి.

మేరీరాణి తీగ కత్తిరించే పటకారు కింద పెట్టేసింది. "ఈస్టర్ ముందర్నించి మాస్టారూ. అందరం అనుకునే సేస్తన్నాం, మీరు టీకెల్లగానే..."

"తప్పు వైపు కట్టానేటి?"

"ఇయ్యాల కూడా అంతే, సెయ్యొణికి తీగ అటేపు జారిపోతంది. పెద్దసారుకి తెలిస్తే మిమ్మల్ని పంపేస్తారని..."

"నువ్వు జొరమొచ్చి ఇంటికాడ పడుంటే? అప్పుడు పైనున్న భానుకి ఏటవుద్ది?"

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "మీ మీద పేమతోనే సేసినాం మాస్టారూ."

"తెలుసమ్మా. నాకదే బయంగా ఉంది."

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మందులు వణుకును కాస్త తగ్గిస్తాయే గానీ ఆపలేవని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ సంగతి ఈయన పిల్లల దగ్గర దాచారు, పిల్లలు ఈయన దగ్గర దాచారు. మాస్టారు కేంద్రం పెద్ద తిరుపతిరావు గదికి వెళ్ళి అంతా చెప్పేశారు.

తిరుపతిరావు కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. "తరగతిలో పాఠాలు చెప్పండి మాస్టారూ. పనికి మేరీ ఉంది" అన్నాడు.

"సేత్తో సూపించకుండా నానేటి సెప్పగలను బాబూ?"

తిరుపతిరావు లేచి, భాను విమానాన్ని ఆపమని హ్యాంగర్‌కు కబురు పంపాడు.

విమానాన్ని మొదటినుంచీ మళ్ళీ పరీక్షించారు. వాన వెలిశాక భాను ఎగిరాడు. అందరూ బయటకు పరిగెత్తి ఆకాశంకేసి చేతులూపుతుండగా మాస్టారు తన సామానంతా సంచిలో వేసుకుని వెనక గేటు దాటి బస్సెక్కారు. ఎవరూ గమనించలేదు.

భాను క్షేమంగా దిగాడు. మిఠాయి పట్టుకుని మేరీరాణి మాస్టారిని వెతుక్కుంటూ లోపలికొచ్చింది. మూల కొక్కేనికి ఆయన నీలం పనిచొక్కా వేలాడుతోంది, ఇంకా తడిగా, మోచేతుల దాకా మడిచిన చేతులు మడిచినట్టే.