నేలమాళిగలో గంధకం

పొద్దున్నే నేలమాళిగ తలుపు తీయగానే గంధకం ఘాటు గుప్పుమని రాట్కా ముఖాన కొట్టింది. గొంతు మండింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నిన్న సాయంత్రం దాకా నడుం విరిగేలా పేర్చిన ఆపిల్ పెట్టెల మధ్య, నేల మీద ఓ ఇనప మూకుడు ఉంది. దాని అడుగున నల్లగా మాడిన గంధకం అంటుకుని ఉంది.

వెనకే మామగారు రిస్తో గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది?" అన్నాడు. "రాత్రంతా పొగ పట్టించాను. తలుపు సందుల్లో గుడ్డలు కూడా కుక్కాను. ఇక ఒక్క కాయ కుళ్ళిందా, నన్నడుగు."

"మామయ్యా! ఈ ఏడు గంధకం వద్దన్నాను కదా!"

"అన్నావులే. ముసలాడి చేతులు వణుకుతున్నాయి, ఇల్లు తగలబెడతాడని నీ భయం. నాకు తెలీదా? చూసుకో, ఒక్క గడ్డిపోచైనా అంటుకుందేమో!"

రాట్కా వంగి మూకుడు తీసి పక్కన పెట్టింది. వద్దన్న మాట నిజమే. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు. చెబితే నవ్వుతాడనుకుంది, ఊరంతా నవ్వినట్టే.

ప్రెస్పా సరస్సు ఒడ్డున ఆపిల్ తోట లేని ఇల్లు లేదు, మందు తొట్టి లేని దొడ్డీ లేదు. కోసిన కాయల్ని మందులో ముంచి నేలమాళిగకు చేరుస్తారు. కొనేవాళ్ళు చలికాలం గడిచాక గానీ రారు, అందాకా కాయ కుళ్ళకుండా ఆగాలి. ఆ తొట్టి మీద వంగి వంగి రాట్కా భర్త నౌమ్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు మెట్లెక్కితే చాలు, ఈలలా కూస్తాయి. మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్తే ఆ మిగిలిన ఊపిరి కూడా దక్కదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

అందుకే రాట్కా ఎక్కడెక్కడో వాకబు చేసి ఓ పొడి తెప్పించి, ఈసారి కోసిన కాయల్ని మందుకు బదులు దాన్లో ముంచింది. అది బూజే, కాకపోతే మంచి బూజు. నీళ్ళలో కలిపి కాయల్ని ముంచితే, కోతలో తగిలిన ప్రతి గాయంలోనూ ముందుగా తాను కూర్చుంటుంది. బస్సులో రుమాలు వేసి సీటు పట్టుకున్నట్టు. ఆ తర్వాత వచ్చే కుళ్ళు బూజుకి చోటుండదు. మనిషికి ఏ హానీ లేదు. కానీ దానికి ప్రాణం ఉంది. ప్రాణమున్నది గంధకం పొగలో చస్తుంది.

పక్కింటి ఫిదాంక గోడ మీంచి ఎన్ని మాటలంది! "ఏమే రాట్కా, నీ బూజు సరిగ్గా తింటోందా? మా జున్నుకీ పట్టింది, ఓ గిన్నెడు పంపనా?" రాట్కా కూడా నవ్వేసింది. ఆ నవ్వులన్నిటి వెనకా ఒకే లెక్క ఉంది: నౌమ్ ఇంక తొట్టి ముట్టుకోనక్కర్లేదు.

నేలమాళిగలోంచి పైకొచ్చి రాట్కా పొడి తయారుచేసే చోటికి ఫోన్ చేసింది. అవతలి మనిషి సాంతం విన్నాడు. "పొగకి మంచీ చెడూ తెలీదమ్మా, రెంటినీ చంపేస్తుంది. చెడ్డది మళ్ళీ గాల్లో వచ్చేస్తుంది. మీది రాదు."

"మళ్ళీ ముంచితే?"

"ఈ ఏటికి పొడి అయిపోయింది. ఉన్నా లాభం లేదు, గాయం పచ్చిగా ఉండగానే పట్టాలి."

ఇక చేయడానికి ఏమీ లేదు. రోజూ నేలమాళిగలోకి దిగి చూడటమే పని. మొదట ఓ కాయ మీద మెత్తటి మచ్చ కనిపించింది. తర్వాత దాని మీద తెల్లటి నూగు, ఆ నూగులో నీలం. అది పక్క కాయకు, ఆ కాయ నుంచి కింది పెట్టెకు పాకింది. ఏరి పారేస్తున్న కొద్దీ కొత్తవి. రాట్కాకు కోపం ముంచుకొచ్చేది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలిసేది కాదు. పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాల్చి తొక్క తీస్తూ గొణుక్కుంటూ పాడుకునే ఆ ముసలాయన మీదా?

గంధకం పొగే తన బూజును చంపిందని ఆఖరికి నౌమ్‌కి చెప్పింది.

"నాన్నకి చెప్పావా?" అన్నాడతను.

"ఇంకా లేదు."

"చెప్పకు. నిచ్చెన ఎక్కొద్దన్నాం. ట్రాక్టర్ తాళాలు లాక్కున్నాం. ఇన్నేళ్ళకి ఆయన చేతుల్తో చేసిన పని ఇదొక్కటే."

"మరి చెట్ల మీదున్న కాయలు?"

నౌమ్ కిటికీలోంచి తోటకేసి చూశాడు. ఆలస్యంగా పండే రకం ఇంకా కొమ్మల నిండా ఉంది. ఏడాది తిండి ఇప్పుడు దాని మీదే.

"ముంచాలి," అన్నాడు.

"నేను ముంచుతా."

"నీది ఊపిరి కాదా?"

"ఎవర్నైనా కూలికి పిలుద్దాం."

"వాడిది మాత్రం? నా ఊపిరి ఎలాగూ పోయింది. దాంతోనే కానిద్దాం."

ఆ మాటకు రాట్కా ఏడ్చింది, అరిచింది, చివరికి అతని చెయ్యి పట్టుకుని బతిమాలింది. అతను ఆ చేతిని నిమిరి లేచి వెళ్ళిపోయాడు.

కోత మొదలైన పొద్దున నౌమ్ చావిట్లో మేకుకు వేలాడుతున్న మాస్క్ తీసి దుమ్ము దులిపాడు. తొట్టిలో మందు కలిపాడు. ఆ తెల్లటి నీళ్ళ వాసన దొడ్డంతా కమ్మింది.

రిస్తో నేలమాళిగ గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని కుళ్ళిన కాయలు వేరు చేస్తున్నాడు. రాట్కా ఖాళీ పెట్టెల కోసం వస్తే జాలిగా చూశాడు.

"దిగులు పడకమ్మా. నీ బూజు మోసం చేసిందని నిన్నెవరూ ఏమీ అనరు. అంటే నేనూరుకోను."

రాట్కా తల ఊపింది.

"నేను గంధకం పెట్టబట్టి ఈ నాలుగైనా మిగిలాయి," అంటూ ఆయన ఓ మంచి కాయను చొక్కాకు తుడిచి, వణికే చేత్తో ఆమెకు అందించాడు. "లేకపోతే అన్నీ పోయేవి. అవునా, కాదా?"

దొడ్లోంచి నౌమ్ దగ్గు వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి ఆగలేదు.

"అవును మామయ్యా," అంది రాట్కా. కాయను జేబులో వేసుకుంది. బయట కోసి పెట్టిన కాయల పెట్టెను ఎత్తుకుని తొట్టి దగ్గరికి మోసుకెళ్ళింది.