తళిగకు ముందు

నవ్వకుండా చెప్పి ఉంటే ఇంత మంట ఉండేది కాదు, కాఫీ గ్లాసు చేత పట్టుకుని తలుపు దగ్గర నిలబడి నవ్వుతూ చెప్పాడు చెంగల్రాయుడు సారు, ఏం నాగులమ్మా, మీ హాస్టలు పిల్లోళ్ళు తేలిపోయినారే అని, మీ హాస్టలట, హాస్టలు గడప దాటి ఎన్నేళ్ళయింది, ఎం.యస్సీ. చేసి ఈ తిరుపతిలో ఈ సారు దగ్గరే పరిశోధన లెక్కలు వేసే అసిస్టెంటుగా చేరి రెండో ఏడు నడుస్తోంది, అయినా మీ హాస్టలే, గుడి తేరు వీధిలో పుట్టిన ఈ సారును మీ తేరు వీధి అని ఎవరైనా అంటారా, అనరు, ఊరంతా వాళ్ళదే కదా, నాగులమ్మ పళ్ళు బిగించి ఫేసిట్ లెక్కల మిషను పిడి పట్టుకుంది, ముందుకు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత, ఉన్నదానికన్నా ఎక్కువ తీసెయ్యబోతే లోపల గంట టింగుమంటుంది, ఆ ఇనుప ముక్కకే అంత నీతి ఉంది, సారుకు ఏ గంటా మోగదు, ఇంటి నుంచి బడికి వచ్చే ఆడపిల్లలు నలభై మంది, హాస్టల్లో ఉండి చదివే ఆడపిల్లలు నలభై మంది, అందరూ ఎనిమిదో తరగతే, ఒకటే ప్రశ్నపత్రం, ఇంటి పిల్లల సగటు నలభై ఒకటి, హాస్టలు పిల్లల సగటు ముప్పై ఆరు, ఆ మధ్యనున్న అయిదు గాలివాటుగా వచ్చిందా నిజంగా ఉన్నదా అని తేల్చేదే టి పరీక్ష, పట్టికలో హద్దు రెండు, తనకు వచ్చింది రెండు పాయింటు ఏడు, మళ్ళీ తిప్పింది, మళ్ళీ అదే, హద్దు దాటింది, దాటితే తేడా ఉన్నట్టు, తేడా ఉన్నట్టని సారు చిత్తూరు విద్యాశాఖ ఆఫీసుకు రిపోర్టు పంపుతాడు, పంపితే వచ్చే ఏడు హాస్టలు పిల్లలకు తొమ్మిదిలో కాంపోజిట్ లెక్కలు ఇవ్వరు, వీళ్ళకు జనరల్ లెక్కలు చాల్లే అంటారు, జనరల్ లెక్కలు చదివిన పిల్లను ఇంటర్లో లెక్కల గ్రూపు గుమ్మం తొక్కనివ్వరు, కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి మీ బతుక్కి ఇదే మేలు అంటారు, ఆ నలభై మందిలో తన చెల్లెలు మునిలక్ష్మి ఉంది, చింతగింజలతో ఎక్కాలు నేర్చుకుని అక్కలాగా ఎం.యస్సీ. చదువుతానని ఊరంతా చాటింపు వేసుకున్న పిల్ల.

తేడా లేదనుకుందాం, ఈ విద్య అంతా మొదలయ్యేది అక్కడే, క్లాసులో మొదటిసారి ఆ మాట విన్న రోజు లెక్చరరు బోర్డు మీద నల్ హైపాథిసిస్ అని రాసి, రెండు గుంపులుంటే తేడా లేదనే ముందు అనుకోవాల, ఉందనేవాడే రుజువు చూపించాల అన్నాడు, మిగిలినవాళ్ళు నోట్సు రాసుకున్నారు, తను రాసుకోలేదు, ఈ లోకంలో తేడా లేదని మొదలుపెట్టేవాళ్ళు ఒకచోట ఉన్నారా అని అట్లాగే చూస్తూ కూర్చుంది, అంతవరకూ చూసినదంతా తిరగేసిన లెక్కే కదా, ఏర్పేడు బళ్ళో తనకు తొంభై మార్కులు వస్తే ఎవరిది చూసి రాసినావే అని అడిగేవాడు అయ్యవారు, పక్క బెంచీ రెడ్ల పిల్లకు తొంభై వస్తే అడగలేదు, ఆ పిల్లకు ముప్పై వస్తే ఒంట్లో బాగలేదేమో పాపం అనేవాడు, తనకు ముప్పై వస్తే అంతేలే అనేవాడు, అంతేలే, ఆ ఒక్క మాటను ఏ పట్టికలో చూసి కొట్టెయ్యాలి, హాస్టలు పిల్లలంటే ఎవరో ఈ డిపార్టుమెంటులో అందరికీ తెలుసు, కులం పేరు నోటితో ఎత్తితే బాగుండదు కాబట్టి హాస్టలు అంటారు, పెద్దమనుషులు, రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు మోసి నాయన పెంచలయ్య తనను చదివించాడు, తేడా లేదని పాపం ఆయనా అనుకున్నాడు, ఏ పట్టికా చూడకుండానే.

మరి ఈ రెండు పాయింటు ఏడు ఎక్కడి నుంచి వచ్చింది, నిన్న ఆదివారం జామకాయలు తీసుకుని మునిలక్ష్మిని చూడటానికి పోకపోతే తనకూ తెలిసేది కాదు, హాస్టలు మెట్ల మీద కూర్చుని జామకాయ కొరుకుతూ ఆ పిల్ల మామూలుగా చెప్పింది, పరీక్ష దినం మేమందరం నామాలు పెట్టుకోనే రాసినామక్కా, పెరటాసి నెల శనివారం, వెంకన్నసామి దినం గదా అని, శనివారమా, మీకు పరీక్ష శనివారమా పెట్టింది అంటే, ఊఁ, పొద్దున తొమ్మిదికి, ఒక్కపొద్దు గదా, సామికి తళిగ ఎయ్యంది మెతుకు ముట్టగూడదని మా వార్డెను శకుంతలమ్మ చెప్పింది, ముందుదినం సాయంత్రం తిన్న సంగటే, పొద్దున తలకు పోసుకోని నీళ్ళు తాగి కూర్చున్నాము అంది, సామి ముందు ఆకులో వడ్డించే ఆ తళిగ ఏ వేళకు వేశారే అంటే, పన్నెండు దాటినాక, వడా పాయసం కూడా చేసినారక్కా అని కళ్ళు మెరిపించింది, మీతో ఏసుసామి పిల్లలు ఇద్దరున్నారు కదే, వాళ్ళూ తినలేదా అంటే, వాళ్ళకి మాత్రం ఇంగో పొయ్యి యాడుండాదక్కా అంది, వంటగది పరీక్ష రాసే హాలుకు ఆనుకునే ఉంది, తను అక్కడ అయిదేళ్ళు తిన్నది, తెలుసు, సగం పరీక్ష అయ్యేటప్పటికి పులిహోరకు తాలింపు పెట్టినారక్కా, ఆ ఇంగువ వాసనకు నాకు అచ్చరాలే కనపళ్ళేదు అని నవ్వింది, ఫిర్యాదు చెయ్యలేదు, అదొక వేడుకలాగా చెప్పింది, ఆకలిని వేడుకగా చెప్పుకోవడం ఎవరు నేర్పారో తనకు తెలియనిదా, పరీక్ష పెట్టడానికి వచ్చిన చెంగల్రాయుడు సారుకు మాత్రం వార్డెనమ్మ పెద్ద గ్లాసు నిండా పాలు తెచ్చిచ్చింది, పాలు ఒక్కపొద్దుకు తప్పు లేదంట అని కూడా చెప్పింది, ఇంటి పిల్లలకు పరీక్ష పెట్టింది బుధవారం, అక్కడ కాగితాలు పంచింది నాగులమ్మే, కొందరు పిల్లల వేళ్ళకు అప్పటికింకా ఇడ్లీ కారప్పొడి అంటుకునే ఉంది.

అందుకే పిడి వదిలేసి లేచింది, సారు గదిలోకి పోయి నిలబడి చెప్పింది, సార్, హాస్టలు పిల్లలు ఆ పొద్దు ఏమీ తినకుండా రాసినారు, ఇంకో దినం తిన్న తర్వాత మళ్ళీ పెడదాం, అప్పటిదాకా రిపోర్టు ఆపండి అని, ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచి, ఒక్కపొద్దు గురించా, నేనూ ఒక్కపొద్దే గదమ్మా ఆ దినం, నామం పెట్టుకోని అంత సేపూ నిలబడే ఉండినాను, నాకేమన్నా కళ్ళు తిరిగినాయా, ఒక్కపొద్దుంటే బుద్ధి పదునెక్కుతాది, మా నాయన చెప్పేవాడు అన్నాడు, అబద్ధమాడుతున్నాడా అంటే అదీ లేదు, నమ్మి చెబుతున్నాడు, అది ఇంకా ఒళ్ళు మండించింది, కడుపు నిండిన బేరం అంటే ఇదే, పొద్దున రెండు కాఫీలు, రెండు చక్కెరకేళీలు, ఆ పైన వార్డెనమ్మ పాలు, దాని పేరు ఒక్కపొద్దు, ముందుదినం సాయంత్రం సంగటి ముద్ద తిని మరునాడు మధ్యాహ్నం దాకా ఉండటం పేరూ ఒక్కపొద్దే, ఒకరు కోరి ఉన్నారు, ఇంకొకరికి పొయ్యి మీద గిన్నె ముట్టే హక్కు లేదు, ఈయన కంటికి రెండూ ఒకటే, పరాయి ఊరివాడైతే పెరటాసి శనివారం సంగతి తెలియదులే అని సరిపెట్టుకోవచ్చు, ఈయన పుట్టింది పెరిగింది ఇక్కడే, తెలుసు కాబట్టే, తనూ చేస్తాడు కాబట్టే, అందులో ఆకలి ఉందని తట్టలేదు, మళ్ళీ యాడ పెడతామమ్మా, రేపటికి చిత్తూరులో ఉండాల, నాలుగుకు టైపు చేసి ఇచ్చెయ్ అన్నాడు, ఆ తర్వాత గొంతు తగ్గించి, మీ చెల్లెలు ఉండాదని గదా నీకు బాధ, నాకు తెలియదా అన్నాడు, జాలిగా, ఆ జాలికి అరికాలి మంట నెత్తికెక్కింది, ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు, సూడమ్మా, లెక్క నీది, దాని అర్థం చెప్పేది నాది.

సరే, లెక్క నాదే కదా, లెక్కతోనే కొడతాను అనుకుంది, గదిలోకి వచ్చి జవాబు కాగితాల కట్టలు రెండూ ముందు వేసుకుంది, ప్రశ్నపత్రం రెండు భాగాలు, మొదట ముప్పై ప్రశ్నలు, తర్వాత ముప్పై, తాలింపు పెట్టింది సగంలో, అంతవరకు ఎట్లా రాశారో, ఆ తర్వాత ఎట్లా రాశారో విడదీస్తే సరి, పిడి తిప్పింది, వర్గాలు, వర్గాల మొత్తం, కరెంటు పోయి ఫ్యాను ఆగింది, జాకెట్టు వీపుకు అంటుకుంది, కిటికీ అవతల గోడ మీద ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం వెలిసిపోయి కనబడుతోంది, అప్పుడూ మనుషుల్ని గుంపులు కట్టి లెక్కేసి ఆపరేషన్లకు తీసుకుపోయారు, ఆ లెక్కలు వేసింది తనలాంటి ఏ అసిస్టెంటో, తిప్పింది, మొదటి భాగంలో ఇంటి పిల్లలకు ఇరవై ఒకటి, హాస్టలు పిల్లలకు ఇరవై ఒకటికి కొసరంత తక్కువ, టి విలువ అర దగ్గరకు కూడా రాలేదు, తేడా లేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంలో వచ్చిన నీళ్ళే, తేడా లేదు, రెండో భాగంలో ఇంటి పిల్లలకు ఇరవై, హాస్టలు పిల్లలకు పదిహేను, టి విలువ నాలుగు దాటింది, ఒక కాగితంలో అక్షరాలు మొదట ముత్యాల్లాగా ఉండి చివరికి గీత దిగి వాలిపోయాయి, నంబరు తప్ప పేరు లేదు, ఆ వాలిన తలకట్టు మునిలక్ష్మిదేనని తెలిసినా చూడనట్టే తిప్పేసింది, ఒక్క పిల్ల కోసం కాదు ఇది, నలభై మందీ ఒకే చోట వాలిపోయారు, పరుగున పోయి సారు ముందు పెట్టింది, చూడండి సార్, తాలింపు దాకా సమానం, ఆ తర్వాతే పడిపోయినారు, ఇది తెలివి కాదు సార్ ఆకలి అని, ఆయన శ్రద్ధగానే చూశాడు, కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాడు, చూసి సంతోషించాడు కూడా, బలేగా విడదీసినావే, ఇది కూడా రిపోర్టులో పెడదాం, హాస్టలు పిల్లోళ్ళకి మొదట్లో ఉన్న పట్టు చివరిదాకా ఉండదు, ఓర్పు లేదు, కాంపోజిట్ లెక్కలకు కావాల్సింది ఓర్పే గదా అన్నాడు.

గదిలోకి ఎట్లా వచ్చి కూర్చుందో తెలియదు, ఓర్పు లేదట, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఖాళీ కడుపుతో కూర్చుని, పులిహోర వాసన పీలుస్తూ ఒక్క పిల్ల లేచి పోకుండా ఆఖరి ప్రశ్న దాకా రాసినవాళ్ళకు ఓర్పు లేదట, పాలు తాగినవాడు చెబుతున్నాడు, టైపు మిషను మీద పిడికిలితో గుద్దాలనిపించింది, తను ఎండలో చెమటలో విడదీసి తెచ్చిన అంకెనే తిప్పి పిల్లల మీదకే విసిరాడు, ఇంకో అంకె తెస్తే దాన్నీ తిప్పుతాడు, నాలుగో భాగం పదో భాగం విడదీసి తెచ్చినా ఇంకో లోపం పేరు పెడతాడు, అంకె కాదనదు, ఎవరు ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతుంది, అంతేలే అని పలికించినవాళ్ళకూ పలికింది, కాగితాలు మూడు, మధ్యలో కార్బన్లు రెండు పెట్టి మిషనుకు ఎక్కించింది, నాలుగు కావస్తోంది, పట్టిక గీత గీసింది, ఎడమ గడి పైన ఇంటి పిల్లలు, కుడి గడి పైన హాస్టలు పిల్లలు అని కొట్టాలి, ఎప్పుడూ కొట్టేది అట్లాగే, ఇ మీద వేలు పెట్టి ఆగిపోయింది, ఈ రెండు గుంపుల్ని విడదీసింది ఇల్లూ హాస్టలేనా, ఆ పొద్దు ఆ నలభై మందికీ ఈ నలభై మందికీ మధ్య ఇంకో తేడా కూడా అంతే నిక్కచ్చిగా ఉంది కదా, ఒక్కరు కూడా అటుది ఇటు కాలేదు కదా, ఏ మనిషీ మారడు, ఏ అంకే మారదు, పేరు మాత్రం మారుతుంది.

వేలు జరిపి కొట్టింది, ఎడమ గడి పైన, తిని రాసిన పిల్లలు, కుడి గడి పైన, ముందురోజు సాయంత్రం తర్వాత తినకుండా రాసిన పిల్లలు, కింద నలభై, నలభై, సగటు, సగటు నుంచి మార్కుల చెదురు, టి విలువ రెండు పాయింటు ఏడు, హద్దు దాటింది, తేడా ఉంది, అన్నీ ఉన్నవి ఉన్నట్టే, దశాంశం కూడా కదిలించలేదు, అట్టడుగున లెక్క వేసినవారు అన్నచోట ఎప్పుడూ కొట్టే పొడి అక్షరాలు కాకుండా పెంచలయ్య కూతురు నాగులమ్మ అని పూర్తిగా కొట్టింది, మూడు కాగితాలూ లాగి, ఒకటి తన సంచిలో పెట్టుకుని, రెండు పట్టుకుని లేచింది, సారు అరుస్తాడు, చించుతాడు, ఉద్యోగం పీకించినా పీకిస్తాడు, చించితే గడుల పైన కొట్టిన ఈ పేరు అబద్ధమని ఆయన నోటితోనే చెప్పాలి, చెప్పలేడు, ఆ పొద్దు నామం పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు, వరండాలో నడుస్తుంటే వింతగా ఒంట్లో మంట కాస్త నెమ్మదించి ఒకచోట కుదురుకుంది, ఇప్పటిదాకా తన కోపం అంకె మీద అనుకుంది, ముప్పై ఆరు మీద, రెండు పాయింటు ఏడు మీద, పాపం అంకె ఏం చేసింది, అది నిజమే చెప్పింది, అబద్ధమంతా దాని నెత్తిన రాసిన పేరులో ఉంది, పుట్టినప్పటి నుంచి తమ నెత్తిన ఆ పేరు ఎవరో ఒకరు రాస్తూనే వచ్చారు, ఈ పూట రాసింది తను.