చెరుకు కొట్టని దినం

గట్టు మీద పేర్చిన కత్తుల కుప్పను కాంట్రాక్టర్ ధనుంజయ్ బూటుకాలితో తన్నాడు. ఒక కత్తి ఎగిరి హన్మవ్వ పాదం మీద పడింది. ముసలామె కొంగు చింపి కట్టుకుంది, గుడ్డ తడుస్తూనే ఉంది. రుద్రూర్ చెరుకు తోటలో కూలీలంతా చూస్తుండగా జరిగింది ఇది. ముఠా పెద్ద చంద్రవ్వకు ఒళ్లు మండిపోయింది.

"తన్నుడెందుకు సేటూ? పుష్య అమాసనాడు మేం కత్తి పట్టమని నీకెరుకనే గదా," అంది.

"గా ముచ్చట పాతది. సాయవ్వ దినం సర్కారు ఆగస్టుల పెట్టింది. దండలేసిండ్రు, అయిపోయింది. ఏడాదికి ఎన్ని దినాలు గావాలె మీకు? ఫ్యాక్టరీ కాడ చెరుకు తక్కువున్నది, లేవుండ్రి."

సాయవ్వ వీళ్లలాగే చెరుకు కొట్టిన మనిషి. తాతల కాలంలో ఒక పచ్చి బాలింతను దొర తోటలోకి ఈడ్పిస్తే, ఎదురు తిరిగి ముఠా మొత్తం చేత కత్తులు కింద పెట్టించింది. పోలీసులు పక్కన నిలబడి చూస్తుండగానే దొర తుపాకీ పేల్చాడు. ఆమె కూలిన పుష్య అమావాస్యనాడు ఈ చుట్టుపక్కల ఎవరూ చెరుకు కొట్టరు. సీజన్ నడిమధ్యలో ఆ ఒక్కరోజు పని ఆగడం యజమానులకు కంట్లో నలుసు. ఎంత బెదిరించినా ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని చెడగొట్టలేకపోయారు.

బెదిరింపుతో కానిది గౌరవంతో చేద్దామనుకున్నారు సర్కారూ యజమానులూ. సాయవ్వను రాష్ట్రం గుర్తించాలని నిజామాబాద్ కలెక్టరేట్ ముందు ఏళ్ల తరబడి ధర్నాలు చేసింది కూలీలే. వాళ్లలో ముందు నడిచింది చంద్రవ్వ. ఏటా ఆగస్టులో అధికారికంగా జయంతి జరుపుతామని ప్రకటన రాగానే డప్పులు కొట్టించి లడ్డూలు పంచింది కూడా ఆమే. వర్ధంతి ఎందుకు కాదని ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

కూలీలు ట్రాక్టర్ పక్కన గుమిగూడారు.

"పోదాం పట్టక్కా," అన్నాడు నర్సన్న. "సర్కారుతోని మనకేం పంచాయితి? రేపు మహారాష్ట్రకెళ్లి వేరే ముఠాను తోలుకొస్తే మన పొయ్యిల పిల్లి లేవది."

హన్మవ్వ మనవరాలు శృతి బోధన్‌లో డిగ్రీ చదువుతోంది. అవ్వ పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు మారుస్తూ తల ఎత్తింది.

"ఆగస్టు సభకు నేను పోయిన. పొద్దుమూకెదాంక మాట్లాడిండ్రు. గొప్ప తల్లి అన్నరు, త్యాగమన్నరు. ఎవ్వలు సంపిండ్రో ఒక్కలు అనలే. పుట్టిన దినమైతే గది అనే పనే లేదు గదా."

"ఆమె ఏ దినం పుట్టిందో ఎవ్వలకెరుక? నాట్లప్పుడు పుట్టిందంటరు, అంతే," అంది చంద్రవ్వ. "సచ్చిన దినం మాత్రం ఊరూరికి ఎరుక. లడ్డూలు నేనే పంచిన, కాదన. దండలు ఏసుకోనియ్యి. గా దండ సాటుకు మన దినం గుంజుకపోతే ఊకుందమా? ఇయ్యాల కత్తి పడితే వచ్చే ఏడు మన మాట ఎవ్వడింటడు?"

నర్సన్న హన్మవ్వ పాదం వైపు చూశాడు. "నేనైతే కత్తి పట్ట," అన్నాడు.

ధనుంజయ్ ఫోన్ చేయగానే పోలీసు జీపు వచ్చింది.

"మహనీయురాలి పేరు చెడగొడుతున్నవని నీ మీద కంప్లైంట్," అన్నాడు ఎస్సై చంద్రవ్వతో. "జీపెక్కు."

సాయవ్వను అవమానించిందని చెరుకు కొట్టే ఆడదాన్ని పట్టుకెళ్లారు. సిగ్గులేనితనానికి ఇంతకంటే ఏం కావాలి? చంద్రవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే ముఠా అంతా జీపు వెంట నడుస్తోంది. భయపడి పొద్దున్నే పనిలో దిగిన పక్క తోటల వాళ్లు కత్తులు వదిలి రోడ్డెక్కుతున్నారు. మోస్రా దారిలో మహారాష్ట్ర ముఠా ఒకటి చెరుకు కొడుతోంది. నర్సన్న తనకు వచ్చీరాని మరాఠీలో వాళ్లకు సంగతి చెప్పాడు. ఆ ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుని, బిడ్డలను చంకనేసుకుని వచ్చి గుంపులో కలిశారు.

సాయంత్రానికి చెరుకు అందక ఫ్యాక్టరీ ఆగిపోయింది. స్టేషన్‌లో ఫోన్లు ఎస్సైని ఊపిరి తీసుకోనివ్వడం లేదు. గేటు ముందు జనం కూర్చున్నారు. అతను కాగితం తెచ్చి చంద్రవ్వ ముందు పెట్టాడు.

"రేపు పనికి పోతమని రాసియ్యి. ఇప్పుడే ఇడుస్త."

చంద్రవ్వకు ఇల్లు గుర్తొచ్చింది. అయినా కాగితం ముట్టుకోలేదు.

"రేపు పోతం సార్. కూలోళ్లం, పోక ఏం జేస్తం? దానికి రాసుడెందుకు? వచ్చే పుష్య అమాసకు మాత్రం పోం. గది రాయి, సంతకం పెడత."

"నేను గూడ పెడత," అన్నాడు గేటు అవతల నుంచి నర్సన్న. అతని వెనక కూర్చున్న వాళ్లంతా ఒక్కొక్కరే లేచి లోపలికి నడిచారు.